మిర్చి తోటలోకి నాచు రసం ఎలా వచ్చింది?

2022లో బాపట్ల విడిపోయాక గుంటూరు జిల్లాకు సముద్రం లేదు. కానీ సముద్రపు నాచు రసం మాత్రం ఇక్కడి మిర్చి తోటల్లో పడుతూనే ఉంది. 2021లో నల్ల తామర పురుగు పూతలో చేరి తోటల్ని దెబ్బతీసినప్పుడు, ఆ టెన్షన్‌లో రైతులు ఏ బయో మందు చూపిస్తే అది కొన్నారు. అందులో ఏముందో విడమరిచి చెప్పినవాళ్లు తక్కువ.

మిరపకాయకు కారం ఊరికే రాలేదు. ఎలుకల్లాంటివి గింజల్ని నమిలేయకుండా అది కాపలా. పక్షులకు ఆ మంట తెలియదు, అవి గింజను మింగి దూరంగా వేస్తాయి. నాచుదీ ఇదే అవస్థ. పట్టుకున్న రాయిని వదిలి పారిపోలేదు, ముళ్లు కూడా లేవు. అందుకే గోధుమరంగు నాచులు ఫ్లోరోటానిన్లనే వగరు పదార్థాలతో నత్తల్ని దూరం పెడతాయి. ఆస్ట్రేలియా తీరంలోని డెలీసియా పుల్క్రా అనే ఎర్ర నాచు అయితే బాక్టీరియాలు గుంపు కట్టడానికి వాడుకునే రసాయన సంకేతాలనే చెడగొడుతుంది. నన్ను ఎక్కువ ఆశ్చర్యపరిచింది లామినారిన్. గోధుమరంగు నాచు దాచుకునే ఈ పిండిపదార్థం బూజు తెగుళ్ల కణగోడల్లోని పదార్థాన్ని పోలి ఉంటుంది. అది తగిలితే నేల మీది మొక్క తెగులు వచ్చిందనుకుని ముందే సిద్ధమవుతుంది. పురుగును చంపడం దాని పని కాదు.

ద్రవరూప నాచు ఎరువు 1950 ప్రాంతంలో బ్రిటన్‌లో అమ్మకానికి వచ్చింది. మన దేశంలో 1984లో గుజరాత్‌ భావనగర్‌లోని కేంద్ర ఉప్పు, సముద్ర రసాయనాల పరిశోధన సంస్థ కప్పాఫైకస్ అనే ఎర్ర నాచును తెప్పించింది. తర్వాత తమిళనాడు మండపం తీరంలో మత్స్యకార మహిళలు వెదురు తెప్పలకు కట్టి దాన్ని పెంచారు. పచ్చి నాచును పిండిన రసం పైరుకు, మిగిలిన పిప్పి క్యారగీనన్ అనే జిగురు తయారీకి. అయితే 2008 నాటికి అదే నాచు అక్కడికి దగ్గర్లోని కురుసడై దీవి చుట్టూ పగడాల మీద పరుచుకుంది. ఈ నష్టాన్ని కూడా లెక్కలో వేయాలి.

ఇన్నేళ్లూ మన చట్టం లెక్కలో ఈ రసాలు ఎరువులూ కావు, పురుగుమందులూ కావు. 2021 ఫిబ్రవరిలోనే ఎరువుల నియంత్రణ ఉత్తర్వులో బయోస్టిమ్యులెంట్లుగా, అంటే మొక్క పెరుగుదలకు ఊతమిచ్చే పదార్థాలుగా, చేర్చారు. వీటిని అమ్మడానికి కంపెనీలకు ఇచ్చిన తాత్కాలిక అనుమతుల గడువు 2025 జూన్‌తో ముగిసింది. వీటిలో పురుగుమందు 0.01 పీపీఎం (పది లక్షల పాళ్లలో 0.01 పాలు) మించకూడదని కూడా ఆ ఉత్తర్వులోనే ఉంది. పొద్దున కొట్టిన ‘నాచు రసానికి’ సాయంత్రానికి పురుగు రాలిపోతే, ఆ డబ్బాలో నాచు కాక ఇంకేదో కలిసిందని అనుమానించాల్సిందే.