ఎం.బుక్ ఎక్కిన పని, చేతికి రాని బిల్లు: ప్రభుత్వ కాంట్రాక్టర్ల అపోహలు - వాస్తవాలు

అపోహ: ఎం.బుక్‌లో కొలతలు ఎక్కితే డబ్బు వచ్చినట్టే.

ఎం.బుక్ అంటే జరిగిన పని కొలతలు రాసే పుస్తకం. పని జరిగిందనడానికి అది రుజువు, అంతే. ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) కొలతలు రాయాలి, డీఈ (డిప్యూటీ ఇంజనీరు) సరిచూడాలి, ఈఈ (ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు) బిల్లు పాస్ చేయాలి. ఆ తర్వాత పే అండ్ అకౌంట్స్ ఆఫీసు, టోకెన్ (బిల్లుకిచ్చే వరుస సంఖ్య), చివరికి ఆర్థిక శాఖ నిధుల విడుదల. బిల్లులు ఎక్కువగా ఆగేది ఆ ఆఖరి మెట్టు మీదే. బిల్లు పెట్టిన 10 పని దినాల్లో కనీసం 75 శాతం, 28 పని దినాల్లో మిగతాది ఇవ్వాలని కేంద్ర ఆర్థిక శాఖ 2021 అక్టోబరులో చెప్పింది నిజమే. కానీ అది కేంద్ర శాఖల, సంస్థల పనులకు. రాష్ట్రం ఇవ్వాల్సిన పంచాయతీరాజ్ బిల్లు కోసం ఆ కాగితం పట్టుకెళ్తే నవ్వి పంపిస్తారు.

పైగా వచ్చేది కూడా పూర్తి మొత్తం కాదు. జీఎస్టీ కాకుండా 10 లక్షల పని అనుకోండి. వ్యక్తిగత కాంట్రాక్టరుకు ఆదాయపు పన్ను 1 శాతం, జీఎస్టీ టీడీఎస్ 2 శాతం, కార్మిక సెస్ 1 శాతం, ఎఫ్‌ఎస్‌డీ (పనిలో లోపాలకు హామీగా ఆపే డిపాజిట్) 7.5 శాతం ఉంటే కోతే 1.15 లక్షలు. సీనరేజీ (ఇసుక, కంకర లాంటి ఖనిజాలపై ప్రభుత్వ రుసుము) వేరు. టెండరు వేసేటప్పుడు ఈ లెక్క వేసుకోనివాడికి మొదటి రన్నింగ్ బిల్లుకే (పని మధ్యలో పెట్టే బిల్లు) ఊపిరాడదు.

అపోహ: బిల్లు పెండింగ్‌లో ఉన్నంతకాలం కేసు ఎప్పుడైనా వేయొచ్చు.

ఎక్కువమంది మునిగేది ఇక్కడే. చెల్లింపుకు ఒప్పందంలో తేదీ లేకపోతే, 1963 లిమిటేషన్ చట్టం ఆర్టికల్ 18 ప్రకారం పని పూర్తయిన రోజు నుంచి మూడేళ్లే గడువు. ఆఫీసు చుట్టూ తిరిగామని, పది వినతిపత్రాలు ఇచ్చామని అది ఆగదు. చర్చలు సాగుతున్నంత మాత్రాన గడువు వాయిదా పడదని 2023లో సుప్రీంకోర్టు మరోసారి స్పష్టం చేసింది.

గడువు కొత్తగా మొదలవ్వాలంటే, మూడేళ్లు నిండకముందే బాకీని ఒప్పుకుంటూ అధికారం ఉన్న అధికారి సంతకంతో ఉత్తరం కావాలి. అందుకని ఏటా ఈఈకి లేఖ పెట్టి ఎం.బుక్ నంబరు, పేజీలు, పాసైన మొత్తం, అందింది, అందాల్సింది రాసి జవాబు అడగండి. ‘నిధులు రాగానే చెల్లిస్తాం’ అని ఒక్క ముక్క రాసిచ్చినా కోర్టులో పనికొస్తుంది. ఫోన్లో అన్నమాట ఎందుకూ కొరగాదు.

ఆఖరి నెలలో మేల్కొనకండి. ప్రభుత్వం మీద దావాకు ముందు సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 80 నోటీసు ఇచ్చి రెండు నెలలు ఆగాలి. 3 లక్షలు, ఆపైన అయితే అది వాణిజ్య వివాదం. అత్యవసర ఉత్తర్వులు కోరనప్పుడు ముందస్తు మధ్యవర్తిత్వం కూడా తప్పదు. ఈ కాలాన్ని గడువులోంచి మినహాయిస్తారు గానీ, కాగితాలు సర్దుకోవడానికి పట్టే రోజుల్ని ఎవరూ మినహాయించరు.

అదే నోటీసులో వడ్డీ కూడా అడగండి. చెల్లింపు తేదీ రాసి లేనిచోట, 1978 వడ్డీ చట్టం కింద లిఖితపూర్వకంగా అడిగిన నాటి నుంచే లెక్క. ఒప్పందంలో ‘ఆలస్యానికి వడ్డీ ఉండదు’ అని ఉంటే మాత్రం ఆర్బిట్రేటరు (కోర్టు బయట వివాదం తేల్చే వ్యక్తి) కూడా అవార్డుకు (తన తీర్పుకు) ముందు కాలానికి వడ్డీ ఇవ్వలేడు. ఏకపక్షమే. కానీ సంతకం మనదే.

అపోహ: ఉద్యమ్ (చిన్న పరిశ్రమల) రిజిస్ట్రేషన్ ఉంటే 45 రోజుల్లో ఇవ్వాల్సిందే.

2006 ఎంఎస్ఎంఈడీ చట్టంలో 45 రోజుల పరిమితి ఉంది, బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ ఉంది. అది వర్క్స్ కాంట్రాక్టుకు (సామగ్రి, కూలీ కలిపి చేసే నిర్మాణ పనికి) వర్తించదని బాంబే హైకోర్టు తీర్పులున్నాయి. ఆ చట్టం కింద బకాయిలు తేల్చే కౌన్సిల్లో అర్జీ వేసేముందు ఆ అభ్యంతరానికి జవాబు సిద్ధం చేసుకోండి. నిర్మాణ పనులకంటూ ప్రత్యేకమైన చెల్లింపుల చట్టం మన దేశంలో లేదు. బ్రిటన్‌లో 1996లోనే వచ్చింది. కాంట్రాక్టరు సంఘాలు ధర్నాలతో పాటు దీన్ని కూడా గట్టిగా అడగాలి.

అపోహ: ఈఈ చెప్పారు కదా, అదనపు పనికి తర్వాత రేటు కడతారు.

కట్టొచ్చు, బదిలీ అయిపోవచ్చు. సైట్ ఆర్డర్ బుక్‌లో రాయించుకుని, పని మొదలుపెట్టకముందే సప్లిమెంటరీ అగ్రిమెంటు అడగండి. పునాదుల్లో అనుకోని రాయి తగిలితే కాంక్రీటు పోసేముందే లెవెల్స్ (లోతు కొలతలు) తీయించండి, కప్పేశాక కొలిచేవాడుండడు. ఒప్పందం లేకపోయినా, ఉచితంగా చేయని పనిని ప్రభుత్వం వాడుకుంటే కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 70 కింద పరిహారం అడగొచ్చు. బి.కె. మండల్ అనే కాంట్రాక్టు సంస్థ కేసులో సుప్రీంకోర్టు దాన్ని ఒప్పుకుంది. అయితే అది కోర్టు మెట్లెక్కి తెచ్చుకోవాల్సిన డబ్బు.

అపోహ: పెనాల్టీ లేకుండా గడువు పొడిగించారంటే నష్టం కూడా ఇస్తారు.

స్థలం ఆలస్యంగా అప్పగిస్తే పొడిగింపు వస్తుంది. యంత్రాల అద్దె, కూలీల ఖర్చు కావాలంటే పొడిగింపుకు ఒప్పుకునేటప్పుడే ‘నష్టపరిహారం అడిగే హక్కు ఉంచుకుంటున్నాం’ అని లేఖ ఇవ్వాలి. కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 55 కోరేది ఆ నోటీసునే. ఫైనల్ బిల్లు దగ్గర ‘నో క్లెయిమ్’ (ఇక రావాల్సింది ఏమీ లేదనే పత్రం) అడిగినా ఇదే జాగ్రత్త: ఒత్తిడితో పెట్టిన సంతకమైతే ఆ రోజే అభ్యంతరం రాసి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. ఆరు నెలల తర్వాత గుర్తొచ్చిన ఒత్తిడిని జడ్జి నమ్మడం కష్టం.