మన గోదారి వైపు టిఫిన్లు: అపోహలు - వాస్తవాలు

తాడేపల్లిగూడెం నుంచి అమలాపురం దాకా ఏ సెంటర్లో పొద్దున్నే టిఫిన్ బల్ల ముందు నిలబడినా, ప్లేటు చేతికొచ్చేలోపు రెండు మూడు తీర్పులు వినపడతాయి. "ఇంత మెత్తగా ఉందంటే సోడా దంచేశావు బాబాయ్." "నూనె నల్లగా ఉందండి, నిన్నటిదే." "జనం ఉన్నారుగా, బాగానే ఉంటది." తినేవాళ్ళకి అభిప్రాయాలు ఉండాల్సిందే. లేకపోతే వండేవాళ్ళు బద్ధకిస్తారు. కానీ వీటిలో ఎక్కువ మాటలు రంగు చూసో, రద్దీ చూసో అనేవి. రుబ్బురోలు దగ్గర, పొయ్యి దగ్గర పనిచేసేవాళ్ళం చూసేది గంటలు. ఎప్పుడు రుబ్బారు, ఎప్పుడు దించారు, దించాక ఎంతసేపు అలాగే ఉంది అన్నవి తెలిస్తే టిఫిన్ మంచిచెడ్డలు ముప్పాతిక వంతు తెలిసిపోతాయి.

అపోహ: ఇడ్లీ మెత్తగా ఉందంటే సోడా వేసినట్టే

మెత్తదనం మినప్పప్పుది. పప్పులో ఉండే జిగురూ మాంసకృత్తులూ రుబ్బుతున్నంతసేపూ గాలిని పట్టుకుంటాయి. రాత్రి పిండి పులిసేటప్పుడు ల్యూకోనాస్టాక్ అనే బ్యాక్టీరియా వదిలే కార్బన్ డయాక్సైడ్ కూడా ఆ జిగురులోనే చిక్కుకుంటుంది. ఆవిరి తగలగానే ఆ బుడగలు ఉబ్బి అలాగే గట్టిపడతాయి. ఇందులో సోడాకి పనే లేదు.

కొలత చెప్పుకుంటే, గిన్నెతో కొలిచి మినపగుళ్ళు ఒకటి, ఇడ్లీ రవ్వ రెండు. పప్పు నాలుగైదు గంటలు నానాలి. గ్రైండర్లో అరగంట నుంచి నలభై నిమిషాలు, నీళ్ళు కొద్దికొద్దిగా పోస్తూ రుబ్బాలి. కిలో పప్పుకి లీటరున్నర దాకా పడుతుంది. చిటికెడు పిండి తీసి నీళ్ళలో వేస్తే తేలాలి. మునిగిందంటే ఇంకా గాలి పట్టలేదు. మిక్సీలో ఒకేసారి గిర్రున తిప్పితే పిండి వేడెక్కి సరిగా పొంగదు, అందుకే మిక్సీలో వేసేవాళ్ళు చల్లటి నీళ్ళు పోయాలి. రవ్వని నీళ్ళు తేటపడేదాకా కడిగి, నీళ్ళు పోయేలా గట్టిగా పిండేసి, రుబ్బిన పప్పులో కలపాలి. కడగని రవ్వతో ఇడ్లీ బంకగా వస్తుంది, పిండని రవ్వతో చదునుగా పరుచుకుపోతుంది.

సోడా అవసరం పడేది రెండు సందర్భాల్లో. ఖర్చు తగ్గించుకోవడానికి ఒకటికి నాలుగు రవ్వ కలిపినప్పుడు ఒకటి, చలికి పిండి పొంగనప్పుడు ఇంకొకటి. సోడా ఎక్కువైన ఇడ్లీని పోల్చడం సులువే. తెలుపులో పసుపు ఛాయ కనపడుతుంది, కన్నాలు పెద్దవీ చిన్నవీ కలిసి ఉంటాయి, నమిలాక నాలుక మీద సబ్బు రుచి మిగులుతుంది. పప్పు బలంతో పొంగినదాన్ని విరిస్తే చిన్న చిన్న కన్నాలు ఒకే తీరుగా ఉంటాయి, వేలితో నొక్కితే మళ్ళీ లేస్తుంది.

డెల్టాలో ఋతువు మారితే రుబ్బే వేళ మారాలి. వైశాఖం ఎండల్లో రాత్రి తొమ్మిది దాటాక రుబ్బినా తెల్లవారుజాము నాలుగుకి పిండి సిద్ధం. పుష్యమాసంలో అదే పిండికి పది, పన్నెండు గంటలు కావాలి కాబట్టి సాయంత్రం ఆరింటికే రుబ్బి గిన్నె వెచ్చగా పొయ్యి పక్కన పెట్టుకోవాలి. ఎండాకాలం ఉప్పు రాత్రే కలిపితే పులుపు కాస్త నెమ్మదిస్తుంది. చలికాలం పొద్దున కలుపుకోవడం మేలు. మే నెలలో ఇడ్లీ పుల్లగా తగిలిందంటే పప్పు తప్పు కాదు, రుబ్బిన వేళ తప్పు.

ఇడ్లీ గట్టిపడటానికి పొయ్యి దగ్గర తప్పులు కూడా కారణమే. నీళ్ళు తెర్లాక రేకులు పెట్టి పది, పన్నెండు నిమిషాల్లో దించాలి. ఇరవై నిమిషాలు వదిలేస్తే ఎంత మంచి పిండైనా బిగుసుకుంటుంది.

అపోహ: పెసరట్టు అంత పచ్చగా ఉందంటే రంగు కలిపారు

పొట్టు పెసల్ని రుబ్బిన వెంటనే పోస్తే అట్టు పచ్చగానే ఉంటుంది. ఆ పచ్చదనం పొట్టులోది. పిండి నిలవుండి పులుపెక్కేకొద్దీ ఆ పచ్చ వాడిపోయి మట్టిరంగులోకి దిగుతుంది. అంచేత కళతప్పిన అట్టు చూసి అనుమానపడాలి, పచ్చటి అట్టు చూసి కాదు. రంగు కలిపారని నిజంగా అనుమానం వస్తే లోపలి ఉప్మా చూడండి. దానికి ఆకుపచ్చ మరక దిగితే అడగొచ్చు.

పెసరట్టు పిండి పులియకూడదు. కొందరు ఇంట్లో దోసెల పిండిలాగే రాత్రంతా బయట ఉంచి, పొద్దున అట్టు విరిగిపోతోందని బాధపడతారు. కిలో పెసలకి వంద గ్రాముల బియ్యం వేసి ఐదారు గంటలు నానబెట్టి, అల్లం, పచ్చిమిర్చి, జీలకర్రతో కాస్త బరకగా రుబ్బి, రెండు గంటల్లో పోసేసుకోవాలి. ఆ గుప్పెడు బియ్యం వల్లే అంచు కరకరలాడుతుంది. ఎక్కువైతే అట్టు బిరుసెక్కుతుంది. మంచి హోటల్లో ఒకేసారి బిందెడు రుబ్బరు. ఆరింటికోసారి, ఎనిమిదింటికోసారి గ్రైండర్ చప్పుడు వినపడుతుంది. పెసరట్టు తినే హోటల్ ఎంచుకోవడానికి నాకు తెలిసిన గుర్తుల్లో ఆ చప్పుడంత నమ్మకమైనది ఇంకోటి లేదు.

అపోహ: నూనె నల్లగా ఉంటే పాడైనది, తేటగా ఉంటే మంచిది

సగం నిజం. మిరపకాయ బజ్జీ పిండి నలకలు అడుగున మాడితే ఆ పూట పోసిన నూనె కూడా గంటలో ముదురు రంగుకి తిరుగుతుంది. వడకట్టి తేర్చిన పాత నూనె తేటగానూ కనపడుతుంది. పాడైన నూనె గుర్తులు వేరే ఉన్నాయి. కాస్త వేడికే పొగ లేస్తుంది, సరుకు వేయగానే లేచిన నురగ అణగకుండా అంచుల దాకా పాకుతుంది, గరిటె నుంచి జిగటగా జారుతుంది, ఘాటు వాసన వేస్తుంది. ఆహార భద్రత ప్రమాణాల సంస్థ 2018 జులై 1 నుంచి పెట్టిన నిబంధన ప్రకారం, కాగి కాగి నూనెలో పుట్టే టోటల్ పోలార్ కాంపౌండ్స్ 25 శాతం దాటితే దాన్ని వాడకూడదు.

మిగిలిన నూనెలో కొత్త నూనె కలిపితే సరిపోతుందనేది వండేవాళ్ళలో ఉన్న అపోహ. పాతదానిలోని చెడు కొత్తదాన్ని కూడా త్వరగా పాడుచేస్తుంది. వాయి వాయికీ నలకలు చిల్లుల గరిటెతో తీసేయడం, బేరం లేనప్పుడు మంట తగ్గించడం, మూకుడు మీద మూత వేయడం, మిగిలినదాన్ని గుడ్డలో వడకట్టి పోపులకి వాడి ముగించడం, ఇవి చేస్తే నూనె ఖర్చూ తగ్గుతుంది.

మైసూర్ బజ్జీ నూనె కారుతోందంటే నూనె నాసిరకమని తేల్చేస్తారు. సాధారణంగా జరిగేది నూనె సరిగా కాగకముందే వేయడం. 170 నుంచి 180 డిగ్రీల మధ్య ఉండాలి. చుక్క పిండి వేస్తే అడుగు తాకి వెంటనే పైకి తేలాలి. అడుగునే కూర్చుంటే ఆగాలి. ఇంకో సంగతి కూడా ఉంది. బజ్జీ నూనె పీల్చేది ఎక్కువగా బయటికి తీశాకే. లోపలి ఆవిరి చల్లబడగానే పైనున్న నూనె లోపలికి పోతుంది. అందుకని తీసిన వెంటనే జల్లెడ గిన్నెలో విడివిడిగా వేసి వాడ్చాలి. పళ్ళెంలో గుట్ట పోస్తే మంచి నూనెలో వేయించిన బజ్జీ కూడా జిడ్డోడుతుంది.

అపోహ: జనం ఉన్నచోట చట్నీ మంచిదే

జనం వల్ల నిజమైన లాభం ఒకటే, సరుకు నిలవుండదు. ఆ లాభం కూడా ఎనిమిదింటికి ఉన్నంత పదకొండింటికి ఉండదు. పచ్చి కొబ్బరి చట్నీ డెల్టా ఉక్కలో రెండు మూడు గంటలు మించి నిలవదు. పుల్లటి వాసన కంటే ముందు కనిపించే గుర్తు, అంచుల్లో సన్నగా నురగ, గరిటె వేస్తే బుడగలు. కోనసీమలో కొబ్బరికి కొరత లేదు కాబట్టి ఉదయం రెండుసార్లు రుబ్బడం పెద్ద కష్టమూ కాదు. మిగిలిన చట్నీలో కొత్తది కలిపే అలవాటు ఉన్నచోట ఎంత రద్దీ ఉన్నా ప్రయోజనం లేదు. గిన్నె కడిగి కొత్తది పోస్తున్నారా, అడుగున ఉన్నదాని మీదే పోస్తున్నారా అన్నది చూడండి.

పుట్నాలు కలిపితే మోసం అనుకునేవాళ్ళు చాలామంది. అది చట్నీకి చిక్కదనం ఇచ్చే పద్ధతి, మోసం లేదు. మోసమల్లా నీళ్ళే.

అల్లం పచ్చడి సంగతి వేరు. వంద గ్రాముల అల్లానికి సమానంగా చింతపండు, రెట్టింపు బెల్లం, యాభై గ్రాముల కారం, సరిపడా ఉప్పుతో చేస్తే నెలలు ఉంటుంది. అల్లం కడిగి చెక్కు తీశాక తడి పూర్తిగా ఆరబెట్టి, నూనెలో వేయించకపోతే బూజు పడుతుంది. కానీ హోటల్లో మన ప్లేటులో పడేది వేడినీళ్ళతో పలచన చేసిన పచ్చడి. నీళ్ళు కలిసిన క్షణం నుంచీ దాని నిలవ గుణం పోయినట్టే. ఆ పూటకి ఎంత కావాలో అంతే కలపాలి, రేపటికి బయట ఉంచకూడదు.

ఉప్మా, పులిహోర లాంటివాటికి మళ్ళీ వేడి చేస్తే దోషం పోతుందన్న నమ్మకం ఉంది. అన్నంలోనూ రవ్వలోనూ ఉండే బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉడికినా చావవు. వండిన పదార్థం గంటల తరబడి గోరువెచ్చగా ఉంటే అవి పెరిగి విషం వదులుతాయి. వాంతులు పుట్టించే ఆ విషం వేడికి విరగదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే లెక్క సులువైనది: వండినది 60 డిగ్రీలకి పైన వేడిగా ఉంచాలి, లేకపోతే బయట రెండు గంటలకి మించి ఉంచకూడదు.

అపోహ: దిబ్బరొట్టె పైన మాడిందంటే చేతకాక

ఆ ఎర్రటి చెక్కు కోసమే రొట్టె కాల్చేది. అడుగు మందంగా ఉన్న మూకుడులో నూనె వేసి, మినప్పిండీ ఇడ్లీ రవ్వా కలిపిన గట్టి పిండి రెండంగుళాల మందాన పోసి, మూతపెట్టి సన్న సెగ మీద పదిహేను, ఇరవై నిమిషాలు ఉంచి, తిప్పి ఇంకో ఐదారు నిమిషాలు. ఇడ్లీ పిండిలా రాత్రంతా పులిస్తే రొట్టె పుల్లగా, బోలుగా వస్తుంది. రెండు మూడు గంటలు చాలు. పైన నల్లగా, లోపల పచ్చిగా ఉందంటే మాత్రం మంట పెద్దది పెట్టి తొందరపడ్డారు. దీన్ని చెరకు పానకంతో కూడా తింటారు.

పొట్టిక్కల విషయంలో కూడా ఇలాంటి తొందరే. అంబాజీపేట వైపు పనసాకుల బుట్టల్లో వండేది ఇడ్లీ పిండే అయినా లోతు ఎక్కువ. పావు వంతు ఖాళీ వదిలి పోసి, ఇరవై నిమిషాలకి పైనే ఆవిరి పట్టించాలి. పుల్ల గుచ్చితే తడి అంటకూడదు. ఆకు ముదురుదై ఉండాలి, లేతాకు ఆవిరికి సడలి ఈనెపుల్ల ఊడిపోతుంది.

అపోహ: మినరల్ వాటర్ క్యాన్ ఉంటే శుభ్రమైన హోటల్

క్యాన్‌లో నీళ్ళు బాగున్నా, చెంబు ముంచి తీసే చెయ్యి ఆ నీళ్ళని పాడుచేస్తుంది. కుళాయి ఉన్న డ్రమ్మా, ముంచుకునే బిందా అన్నది చూడండి. ప్లేట్లు కడిగే బకెట్టు ఇంకా ముఖ్యం. ఒకే బకెట్టులో నలభై ప్లేట్లు ముంచితే చివరి ప్లేటు కడిగినట్టా, తడిపినట్టా? అరిటాకు వేసే హోటల్లోనూ ఆకుని ఏ నీళ్ళతో తుడిచారో చూడాలి. ఎండాకాలం కాలవలు కట్టేసినప్పుడు చెరువు నీళ్ళు వాడే ఊళ్ళలో ఈ జాగ్రత్త రెట్టింపు కావాలి. రోడ్డు పక్క బండి అయినంత మాత్రాన మురికిదని తీసిపారేయకండి. బండి మీద వంటంతా కళ్ళ ముందు జరుగుతుంది, ఏసీ హోటల్ వంటిల్లు మనకి కనపడదు.

ఆహార భద్రత లైసెన్సు లేక రిజిస్ట్రేషన్ నంబరు 14 అంకెలతో ఉంటుంది. అది గోడ మీద కనపడాలి, బిల్లు ఇస్తే దాని మీద కూడా.

అపోహ: జులై అయినా, జనవరి అయినా పులస పులస్సే

భోజన హోటళ్ళ బోర్డుల మీద ఎక్కువగా దుర్వినియోగమయ్యే మాట ఇదే. వరద నీరు ఎర్రబారి సముద్రంలోకి దూకే రోజుల్లో, జులై నుంచి సెప్టెంబరు దాకా, గుడ్లు పెట్టడానికి ఏటికెదురు ఈదుకుంటూ వచ్చే చేప అది. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర దాని దారి ఆగిపోతుంది. సంక్రాంతికి బోర్డు మీద పులస కనపడితే అది ఐసులో దాచినదో, ఒడిశా, బెంగాల్ వైపు నుంచి వచ్చిన అదే జాతి చేపో. తినడానికి తప్పేమీ లేదు, కానీ పులస ధర కట్టనక్కర్లేదు. చింతపండు పులుసులో ఉడికాక ముక్క చూసి తేడా చెప్పడం అనుభవం ఉన్నవాళ్ళకే కష్టం, కాబట్టి కోయకముందు చేప చూపించమని అడగండి. సీజన్లో వండే హోటల్ వాళ్ళు సంతోషంగా చూపిస్తారు.

పార్సిల్ గురించి

వేడి ఇడ్లీ ప్లాస్టిక్ కవరులో కడితే ఆవిరి పోయే దారి లేక అడుగు తడిసి ముద్దవుతుంది, పెసరట్టు అంచు మెత్తబడుతుంది. ఇంటికెళ్ళి "హోటల్లో తిన్న రుచి లేదు" అనేది అందుకే. న్యూస్‌పేపర్లో బజ్జీలు కట్టడం 2018 ప్యాకేజింగ్ నిబంధనల ప్రకారం నిషేధం, సిరా నూనెలోకి దిగుతుంది. సాంబారుకి స్టీలు క్యారియర్ తీసుకెళ్ళండి. అట్టుని అరిటాకులో చుట్టించి, చట్నీ విడిగా అడిగి, ఇల్లు చేరగానే పొట్లం విప్పేయండి. కొబ్బరి చట్నీని ఆ పూటే తినేయండి. అల్లం పచ్చడి మిగిలితే ఫ్రిజ్‌లో పెట్టి మర్నాటి లోపు ముగించండి.