తిరుగు ఛార్జీ ముందే కొంగున ముడేసుకోండి: కెర్బల్ గ్రహయాత్రపై అపోహలు - వాస్తవాలు

కాశీబుగ్గలో నాకు చిన్న కంప్యూటర్ రిపేర్ షాపు ఉంది. పగలు కీబోర్డులు, పవర్ సప్లైలు. సాయంత్రం ఆరు దాటితే మా మేనల్లుడు, వాడి వెంట ఇద్దరు ముగ్గురు కుర్రాళ్లు వచ్చి వెనకాల ఉన్న పాత కంప్యూటర్ ముందు చేరతారు. వాళ్లకు పిచ్చి పట్టించింది నేనే. ఆట పేరు కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్. మెక్సికోలో స్క్వాడ్ అనే సంస్థ తయారు చేసింది, 2011లో మొదటిసారి జనంలోకి వచ్చింది. కెర్బల్స్ అనే బుల్లి వ్యోమగాముల కోసం మనమే రాకెట్ కట్టాలి, మనమే ఎగరేయాలి, చాలాసార్లు మనమే పేల్చుకోవాలి.

ఇప్పుడు మా షాపులో నడుస్తున్న పందెం ఇది: కెర్బిన్ (ఆటలో మన భూమి లాంటి గ్రహం) నుంచి ఒక్కటే ప్రయోగం. మన్, మిన్మస్ అనే రెండు చందమామల మీద, డూనా అనే ఎర్ర గ్రహం మీద, దాని చందమామ ఐక్ మీద దిగాలి. మధ్యలో ఇంధనం నింపుకోకూడదు. అందరూ ప్రాణాలతో ఇంటికి రావాలి. ఈ పందెం మొదలైన దగ్గర నుంచి రోజూ అవే మాటలు వింటున్నాను. నేనూ ఒకప్పుడు అవే మాటలు నమ్మి నా కెర్బల్‌లను నానా చోట్లా దిక్కులేకుండా వదిలేసినవాణ్ణే కాబట్టి ఇది రాస్తున్నాను.

అపోహ: రాకెట్ పెద్దదైతే ఎక్కడికైనా పోవచ్చు.

"ఏటి మావయ్యా, ఇంకో నాలుగు బూస్టర్లు పెట్టేస్తే సరిపోద్ది కదేటి?" అంటాడు మావాడు. సరిపోదు. మేత మోయడానికి ఎడ్లబండి కట్టారనుకోండి. దారిలో ఆ ఎడ్లకు మేత కావాలి. ఆ మేత మోయడానికి ఇంకో జత ఎడ్లు, మళ్లీ వాటికి మేత. రాకెట్ కథ కూడా అదే. ఈ లెక్కను రష్యా బడిపంతులు సియోల్కోవ్‌స్కీ 1903లోనే అచ్చు వేయించాడు.

ఆటలో ఓడ మొత్తం మీద తన వేగాన్ని ఎంత మార్చుకోగలదో దాన్ని డెల్టా-వీ అంటాం. జేబులో డబ్బు లాంటిది. ఆటలోని టెరియర్ అనే ఇంజిన్ పెట్టిన ఓడ, ఇంధనంతో ఉన్నప్పటి బరువు ఖాళీ బరువుకు రెండింతలైతే, సెకనుకు సుమారు 2,350 మీటర్ల డెల్టా-వీ వస్తుంది. నాలుగింతలైతే 4,690. ఎనిమిదింతలైతే 7,040. చూశారా, బరువు ప్రతిసారీ రెట్టింపు అవుతోంది, జేబులోకి వచ్చేది మాత్రం అదే 2,350. ఆటలోని మామూలు ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు ఖాళీ బరువుకు తొమ్మిదింతలు ఉంటుంది. కాబట్టి ఇంజిన్ బరువు సున్నా అనుకున్నా ఒక్క స్టేజితో, అంటే దారిలో ఏదీ వదిలేయకుండా, టెరియర్ 7,440 దాటలేదు. ఖాళీ ట్యాంకులు ఎప్పటికప్పుడు వదిలించుకోవడం తప్ప దారి లేదు.

మరి ఏం చేయాలి? లెక్క వెనక నుంచి వేయాలి. ఇది నాకు తెలిసింది 2018 అక్టోబరులో. తిత్లీ తుపాను మా ఉద్దానం మీద పడి పోయాక రోజుల తరబడి కరెంటు లేదు. పగలంతా తోటలో కూలిన కొబ్బరిచెట్లు, జీడిచెట్లు కొట్టి తీయడం. రాత్రి నిద్ర పట్టేది కాదు. కొవ్వొత్తి ముందు పాత బిల్లుబుక్కు వెనకవైపు డూనా యాత్ర లెక్కలు వేస్తూ కూర్చునేవాణ్ణి. అంతకుముందు ఎప్పుడూ లాంచ్‌ప్యాడ్ నుంచే మొదలుపెట్టేవాణ్ణి. ఆ రాత్రి మా నాయనమ్మ గుర్తొచ్చింది. రథసప్తమికి అరసవల్లి బయల్దేరేటప్పుడు ఆమె చేసే మొదటి పని, తిరుగు బస్సు ఛార్జీ తీసి కొంగున ముడి వేసుకోవడం. ఆ ముడి దారిలో విప్పేది కాదు. దేవుడి హుండీకి కూడా మిగతా డబ్బులోంచే.

అలా వెనక నుంచి లెక్క వేస్తే, చివరి మజిలీ డూనా కక్ష్య నుంచి ఇంటికి: 600 నుంచి 700 డెల్టా-వీ (ఇక్కడి నుంచి ఖర్చులన్నీ ఆ లెక్కే). ఇంటికి చేరాక ఆపే పని కెర్బిన్ గాలి చూసుకుంటుంది. ఇది ముడి వేసిన డబ్బు. దానికి ముందు డూనా నేల నుంచి కక్ష్యలోకి ఎక్కడం: సుమారు 1,450. అంతకుముందు ఐక్ మీద దిగడం 390, ఎక్కడం 390. ఇలా ఒక్కో మెట్టూ వెనక్కి నడుస్తూ పోతే, అన్నిటికన్నా అడుగున ఉండాల్సిన రాకెట్ ఎంత ఉండాలో చివర్లో దానంతటదే తేలుతుంది. ముందు నుంచి కట్టుకుంటూ వస్తే ఎప్పుడూ ఒక మజిలీ తక్కువే పడుతుంది.

అపోహ: దగ్గరిది సులువు, దూరానిది కష్టం.

మన్ 12,000 కిలోమీటర్ల దూరంలో ఉంది, మిన్మస్ 47,000లో. కొత్తవాళ్లంతా మన్ దగ్గరికే పరిగెడతారు. ఖర్చు చూడండి. కెర్బిన్ చుట్టూ తక్కువ ఎత్తు కక్ష్యలో ఉండి మన్ దాకా పోవడానికి సుమారు 860, దాని కక్ష్యలో నిలవడానికి 310, దిగడానికి 580. మొత్తం 1,750. మిన్మస్‌కైతే 930, 160, 180. మొత్తం 1,270. నాలుగు రెట్లు దూరం, ఖర్చు తక్కువ! అంతరిక్షంలో కిలోమీటర్లకు టికెట్ లేదు, వేగం మార్చుకోవడానికే టికెట్. మిన్మస్ కక్ష్య 6 డిగ్రీలు వాలి ఉంటుంది, దాన్ని సరిచేసుకోవడానికి కాస్త పోతుంది, అంతే. అక్కడ గడ్డకట్టిన చెరువుల్లాంటి చదును నేలలున్నాయి. మొదటిసారి దిగేవాడికి వాటికి మించిన చోటు లేదు.

అపోహ: ఓడ మొత్తాన్ని కిందకు దింపాలి. పైన వదిలితే మళ్లీ రెండు ఓడలను కలిపే డాకింగ్ తలనొప్పి.

డాకింగ్ తలనొప్పే, కాదనను. నాకు మొదటిసారి కుదరడానికి మూడు ఆదివారాలు పట్టింది. కానీ దాన్ని తప్పించుకోవడానికి ఎంత కడుతున్నారో తెలుసా? ఇంటికి వెళ్లడానికి దాచిన ఒక టన్ను ఇంధనాన్ని మన్ మీదకు దింపి మళ్లీ పైకి ఎత్తడానికి, ఆ ఒక్క టన్ను కోసమే ఇంకో 0.4 టన్ను ఖర్చు. పెద్ద పందేల్లో జూల్ అనే ఇంకో గ్రహం చందమామ టైలో వస్తుంది. గాలి లేదు, గురుత్వాకర్షణ కెర్బిన్‌లో 80 శాతం. అక్కడ ఇదే పనికి 2.8 టన్నులు. దిగి ఎక్కడానికి మాత్రమే, ట్యాంకుల బరువు కలపకుండా. మళ్లీ ఎడ్లు, మళ్లీ మేత.

తిరుగు ఇంధనం పైన కక్ష్యలో తల్లి ఓడలో ఉండాలి, కిందకు చిన్న ల్యాండర్ మాత్రమే వెళ్లాలి. నాసాలో జాన్ హూబోల్ట్ అనే ఇంజనీరు అపోలో కోసం వాదించి ఒప్పించింది ఈ పద్ధతినే. 1962లో నాసా దీన్ని ఖాయం చేసింది. ఆ రోజుల్లో అంతరిక్షంలో రెండు ఓడలను ఎవరూ కలిపి చూడలేదు, అయినా ఆ లెక్క ముందు తలొంచారు. మన చేతిలో, చెడితే అక్కడి నుంచే మళ్లీ మొదలుపెట్టే క్విక్‌సేవ్ పెట్టుకుని డాకింగ్‌కు భయపడడం ఏమీ బాగోలేదు.

అపోహ: గాలి ఉన్న గ్రహమైతే పారాచూట్ వేసి హాయిగా దిగొచ్చు.

డూనా గాలి ఒత్తిడి కెర్బిన్‌లో పదిహేనో వంతు. తేలికపాటి ల్యాండర్‌ను పారాచూట్లు చాలావరకు ఆపుతాయి. బరువైనదైతే చివరి కొన్ని సెకన్లు ఇంజిన్ వేయకపోతే కాళ్లు విరుగుతాయి. నిజం మార్స్ కూడా ఇంతే: 2012లో దిగిన క్యూరియాసిటీ పారాచూట్ విప్పింది, తర్వాత రాకెట్లు కూడా వాడింది.

ఆటలోని ఈవ్ అనే ఇంకో గ్రహం సంగతి వేరు. దాని గాలి కెర్బిన్ కంటే ఐదింతలు చిక్కన. దిగడం బావిలో రాయి వేసినంత సుఖం. ఎక్కడం బావిలోంచి ఆ రాయి తీసినంత. గురుత్వాకర్షణ 1.7 రెట్లు, పైగా శూన్యం కోసం చేసిన ఇంజిన్లు చిక్కటి గాలిలో మూలుగుతాయి. ఇంజిన్ సామర్థ్యాన్ని సెకన్లలో కొలుస్తారు; శూన్యంలో 345 సెకన్లు చూపే టెరియర్, కెర్బిన్ సముద్రమట్టం దగ్గరే 85కి పడిపోతుంది. ఈవ్ దగ్గర దాన్ని వెలిగించినా ఒకటే, అగరుబత్తి వెలిగించినా ఒకటే. కక్ష్యలోకి రావడానికి సుమారు 8,000 డెల్టా-వీ కావాలి, కెర్బిన్ నుంచైతే 3,400 చాలు. మా పందెంలో ఈవ్ లేనిది అందుకే. ఉంచితే షాపు మూసుకోవాలి.

అపోహ: గురుత్వాకర్షణ ఎంత తక్కువైతే దిగడం అంత సులువు.

ఖర్చు తక్కువ, నిజం. ఓపిక మాత్రం ఎక్కువ కావాలి. ఈవ్ చుట్టూ తిరిగే గిల్లీ మీద వంద మీటర్ల ఎత్తు నుంచి ఒక వస్తువు వదిలితే కింద పడడానికి నిమిషం పైనే పడుతుంది. సెకనుకు రెండు మీటర్ల వేగంతో తగిలినా బంతిలా లేస్తుంది. 2014 నవంబరు 12న ఫైలే ల్యాండర్ తోకచుక్క మీద చేసింది అదే. హార్పూన్లు పనిచేయక, ఎగిరెగిరి ఎక్కడో నీడలో పడింది. మెల్లగా దిగండి, తాకగానే ఇంజిన్ కట్టేయండి, బుల్లి థ్రస్టర్లయిన ఆర్‌సీఎస్‌తో కిందకు నొక్కి పట్టండి.

అపోహ: దిగడమంటే చెయ్యి తిరిగినతనం. చివరి క్షణంలో బ్రేకు వేసేవాడే మొనగాడు.

కుర్రాళ్లు దీన్ని సూసైడ్ బర్న్ అంటారు. ఇంధనం లెక్కలో వాళ్లది సగం నిజమే. గాల్లో తచ్చాడితే ప్రతి సెకనుకూ డబ్బు కారిపోతుంది. మన్ మీద ఒక నిమిషం వేలాడితే దాదాపు 98 డెల్టా-వీ, టైలో మీద 470. అయినా నాలుగు చోట్ల దిగాల్సిన యాత్రలో ఒక్కచోట బోల్తా పడితే మొత్తం పోయినట్టే. పది శాతం ఎక్కువ మోసుకెళ్లి, చివరి మూడు వందల మీటర్లు నిదానంగా దిగమంటాను.

చంద్రయాన్-2 ల్యాండర్ 2019లో కూలిపోయాక మన ఇస్రో చేసిందేమిటి? గురి ఇంకా సూటిగా చేయలేదు. దిగే చోటును అర కిలోమీటరు చదరం నుంచి 4 కిలోమీటర్ల పొడవు, 2.4 కిలోమీటర్ల వెడల్పుకు పెంచింది. ఇంధనం ఎక్కువ పెట్టింది. సెకనుకు 3 మీటర్ల వేగంతో తగిలినా తట్టుకునేలా కాళ్లు చేసింది. 2023 ఆగస్టు 23న దిగింది.

నా దగ్గర బోల్తా పడ్డ ల్యాండర్లలో ఎక్కువ భాగం పక్కవాటు వేగం వల్లే పడ్డాయి. కిందకు వచ్చే వేగం మీదే కళ్లు పెట్టి, పక్కకు జారుతున్న వేగం చూడలేదు. ఇంకోటి, ఓడను తనంతట తాను ఒక దిక్కుకు తిప్పి నిలిపే ఎస్ఏఎస్‌ను రెట్రోగ్రేడ్ (పోతున్న దిక్కుకు సరిగ్గా ఎదురు) గుర్తు మీద పెట్టి దిగుతుంటే అంతా బాగుంటుంది. చివర్లో థ్రాటిల్ కాస్త ఎక్కువై ఓడ పైకి లేచిందో, ఆ గుర్తు కిందకు దూకుతుంది, ఓడ తలకిందులవుతుంది. నేల దగ్గరపడ్డాక మామూలు స్థిరత్వానికి మార్చుకోండి. ఆల్టిమీటర్ మామూలుగా చూపించేది సముద్రమట్టం లెక్క, నేల నుంచి ఎత్తు కాదు. మన్ మీద కొండలున్నాయి. తర్వాతి వెర్షన్లలో ఈ లెక్క మార్చుకునే వీలుంది, ఆ మీట నొక్కనివాళ్లు ఇప్పటికీ వస్తూనే ఉన్నారు.

అపోహ: డూనా కనిపిస్తోంది కదా, అటు గురిపెట్టి పోనిస్తే చాలు.

వంశధార నిండుగా ఉన్నప్పుడు పడవవాడు ఎదురు రేవుకు సూటిగా వేస్తాడా? ఎగువకు వేస్తాడు. మనం చేరేసరికి డూనా ఎక్కడుంటుందో అక్కడికి వేయాలి. కెర్బిన్ కంటే డూనా సుమారు 44 డిగ్రీలు ముందున్నప్పుడు బయల్దేరాలి. ఆ అదను కెర్బిన్ లెక్కలో రెండేళ్లకోసారి వస్తుంది. మనకూ మార్స్‌కూ మధ్య అది 26 నెలలు. అందుకే మంగళయాన్ 2013 నవంబరు 5న లేచి, భూమి చుట్టూ కక్ష్య పెంచుకుంటూ, డిసెంబరు 1న మార్స్ దారి పట్టింది. మావాడు అదను దాటాక బయల్దేరి, సగం దారిలో ట్యాంకులు ఖాళీ చేసి, సూర్యుడి చుట్టూ తిరుగుతూ ఉన్నాడు. వాళ్లమ్మ తొంగిచూసి "ఏట్రా, పేలిపోనాదా?" అని అడిగింది. పేలినా బాగుండేది.

అపోహ: దీనికి ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు కావాలి.

కస్టమర్‌ను పోగొట్టుకుంటూ చెబుతున్నాను, వద్దు. ఈ ఆటలో భారమంతా ప్రాసెసర్ మీదే, అందులోనూ ఎక్కువగా ఒక్క కోర్ మీద. ఓడలో భాగాలు ఐదు వందలైతే పైన గడియారం పచ్చ నుంచి పసుపుకు మారుతుంది, ఆట నత్తనడక నడుస్తుంది. చిన్న ల్యాండర్ కట్టడానికి ఇదీ ఒక కారణం.

అపోహ: ఆటలో దిగినవాడు ఇస్రోలో కూడా దించేస్తాడు.

కెర్బిన్ వ్యాసార్ధం 600 కిలోమీటర్లు, భూమిది 6,371. ఆటలో ఒకసారికి ఒక్క గోళమే లాగుతుంది, నిజంలో అన్నీ ఒకేసారి లాగుతాయి. ఆటలో ఇంజిన్ ఎన్నిసార్లైనా వెలుగుతుంది, మీట నొక్కిన వెంటనే ఓడ వింటుంది. మార్స్‌కు సిగ్నల్ చేరడానికే నిమిషాలు పడుతుంది. అయితే కక్ష్య అంటే ఏమిటో పదో తరగతి పుస్తకం కంటే ఈ ఆట బాగా చెబుతుందని నా నమ్మకం.

మోడ్స్ (ఆటకు బయటివాళ్లు చేసిన చేర్పులు) వాడితే మోసమా అని కూడా అడుగుతారు. కాదు. క్యాలిక్యులేటర్ వాడడం మోసమా?

ఇక నా సొంత బాకీ ఒకటి. మొన్న నాలుగూ పూర్తి చేశాను. డూనా కక్ష్యలో ముడి విప్పి చూసుకుంటే ఇంటికి సెకనుకు 30 మీటర్ల డెల్టా-వీ తక్కువ. ఐక్ దగ్గర డాకింగ్‌కు మూడుసార్లు తడబడ్డాను, అక్కడ పోయింది. నా దగ్గరున్నది పాత వెర్షన్. అందులో కెర్బల్ బయటికొచ్చి వీపు మీది జెట్‌తో ఓడను నెట్టొచ్చు, జెట్‌లో ఇంధనం అయిపోతే లోపలికెళ్లి మళ్లీ నింపుకోవచ్చు. షాపు షట్టర్ సగం దించి కూర్చున్నాను. నెట్టడం, లోపలికి, బయటికి, మళ్లీ నెట్టడం. ఇంటికి దారి కలిసేసరికి రాత్రి పదైంది. అన్నం చల్లారిపోయిందని ఇంట్లో తిట్లు పడ్డాయి.