ప్లగిన్లు అవే, పేర్లు రెండెందుకు?

నాగియోస్ అంటే సర్వర్లు, నెట్‌వర్క్ సరిగా నడుస్తున్నాయో లేదో కనిపెట్టి చూసే సాఫ్ట్‌వేర్. ఒక్కో విషయాన్ని చెక్ చేయడానికి అది వాడే చిన్న ప్రోగ్రాములే ప్లగిన్లు. డెబియన్ అనే లినక్స్ ఉన్న సర్వర్‌లో నాగియోస్ ప్లగిన్లు కావాలనుకుంటే వచ్చే ప్యాకేజీ పేరు 'మానిటరింగ్ ప్లగిన్స్'. నెట్‌లో వెతికితే 'నాగియోస్ ప్లగిన్స్' అని ఇంకో ప్రాజెక్టు కూడా ఉంటుంది. రెండింట్లోనూ డిస్క్ చూసేది, పింగ్ (అవతలి మెషీన్ జవాబిస్తోందా అని) చూసేది, వెబ్‌సైట్ బతికుందో లేదో చూసేది దాదాపు ఒకేలా ఉంటాయి. నైట్ షిఫ్టులో కొత్తగా చేరినవాళ్లు "ఇందులో అసలుది ఏది అన్నా?" అని అడుగుతుంటారు. ఒక్క ముక్కలో చెప్పలేను, ఎందుకంటే ఇందులో టెక్నికల్ తేడా కన్నా పేరు ఎవరిదన్న గొడవే పెద్దది, అది అర్థం కావాలంటే ముప్పై ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

1994లో ఇంగ్లండ్‌లోని డి మాంట్‌ఫోర్ట్ యూనివర్సిటీలో టోబియాస్ ఒటికర్ అనే స్విస్ ఇంజనీర్ పనిచేసేవాడు. వాళ్లకి బయటి ప్రపంచంతో ఉన్నది ఒకే ఒక్క 64 కేబీపీఎస్ లైను. అది ఎంత నిండిందో అందరికీ తెలుసుకోవాలని ఉండేది. దాంతో ఆయన పెర్ల్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఒక చిన్న స్క్రిప్టు రాశాడు. అది రౌటర్‌ని అడిగి ఎన్ని బైట్లు వెళ్లాయో తెలుసుకుని వెబ్ పేజీలో గ్రాఫ్ గీస్తుంది. అదే ఎంఆర్‌టీజీ, 1995లో అందరికీ ఇచ్చేశాడు.

దీని దగ్గర ఒక్క నిమిషం ఆగుతాను, ఎందుకంటే గ్రాఫ్ ఎప్పుడు అబద్ధం చెబుతుందో తెలియకపోతే మానిటరింగ్ చేసీ లాభం లేదు. రౌటర్ మనకిచ్చేది స్పీడు కాదు, పెరుగుతూ పోయే ఒక లెక్క. ఆ లెక్క పాత పద్ధతిలో 32 బిట్లది, నిండగానే మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. 64 కేబీపీఎస్ లైన్లో అది నిండడానికి రోజులు పడుతుంది. 100 ఎంబీపీఎస్ లైను పూర్తిగా నడిస్తే ఆరు నిమిషాల్లోపే నిండుతుంది, 1 జీబీపీఎస్ అయితే 34 సెకన్లు చాలు. మనం 5 నిమిషాలకోసారి అడుగుతుంటే మధ్యలో అది ఎన్నిసార్లు తిరిగిందో తెలిసే దారే లేదు. అందుకే 64 బిట్ల కౌంటర్లు వచ్చాయి. ఇప్పటికీ గిగాబిట్ పోర్టు గ్రాఫ్ విచిత్రంగా తక్కువ చూపిస్తుంటే నేను ముందు చూసేది ఏ కౌంటర్ చదువుతున్నామన్నదే.

సరే, ఎంఆర్‌టీజీ లోడ్ ఎలా ఉందో చూపిస్తుంది కానీ రాత్రి రెండింటికి సర్వర్ పడిపోతే మనల్ని నిద్రలేపడం దాని ప్రధాన పని కాదు. ఆ పనికి 1999లో అమెరికాలో ఈథన్ గాల్‌స్టాడ్ 'నెట్‌సెయింట్' తెచ్చాడు. ఆ పేరు మీద ట్రేడ్‌మార్క్ ఇబ్బంది రావడంతో 2002లో అది నాగియోస్ అయింది. అంటే ఈ కథలో మొదటి పేరు గొడవ నాగియోస్ పుట్టుకలోనే ఉంది.

నాగియోస్ గొప్పతనం నా దృష్టిలో దాని స్క్రీన్లో లేదు, ప్లగిన్ ఒప్పందంలో ఉంది. అసలు ఇంజిన్‌కి డిస్క్ అంటే ఏమిటో, మెయిల్ సర్వర్ అంటే ఏమిటో తెలియదు. ఒక చిన్న ప్రోగ్రామ్‌ని నడుపుతుంది, అది ముగిసేటప్పుడు ఒక అంకె ఇస్తుంది: 0 అంటే బాగుంది, 1 అంటే హెచ్చరిక, 2 అంటే ప్రమాదం, 3 అంటే ఏమీ తెలియలేదు. అంతే. షెల్‌లో రాసినా, పెర్ల్‌లో రాసినా, సీలో రాసినా పనిచేస్తుంది. అందుకే ఎక్కడెక్కడి అడ్మిన్‌లు తమ ఆఫీసులో ఉన్న యూపీఎస్‌కి, ప్రింటర్‌కి, డేటాబేస్‌కి సొంతంగా చెక్‌లు రాసి ఊరికే పంచిపెట్టారు. నాగియోస్ విలువలో చాలా భాగం అలా బయటివాళ్లు పోసిందే.

ఇక్కడే పీటముడి పడింది. ఎవరైనా తీసుకుని మార్చుకుని పంచుకోవచ్చనే జీపీఎల్ లైసెన్స్ కింద కోడ్ అందరిదీ, పేరు మాత్రం 2007లో మొదలైన నాగియోస్ ఎంటర్‌ప్రైజెస్ కంపెనీది. బయటివాళ్లు పంపిన ప్యాచ్‌లు (కోడ్ సవరణలు) నాగియోస్‌లోకి వెళ్లడం లేదు, అభివృద్ధి నెమ్మదించింది అన్న అసంతృప్తితో 2009 మేలో కొందరు కోడ్‌ని ఫోర్క్ చేసి, అంటే దాని కాపీ తీసుకుని విడిగా, ఐసింగా మొదలుపెట్టారు. జీపీఎల్ వాళ్లకి కోడ్ తీసుకెళ్లే హక్కు ఇచ్చింది, పేరు తీసుకెళ్లే హక్కు ఇవ్వలేదు. 2014 జనవరిలో ప్లగిన్లు రాసే టీమ్‌కి ఇంకో దెబ్బ తగిలింది. వాళ్లు ఏళ్ల తరబడి నడిపిన నాగియోస్ ప్లగిన్స్ సైటు డొమైన్‌ని కంపెనీ తన సర్వర్‌కి తిప్పేసుకుంది, ముందుగా చెప్పలేదని టీమ్ ప్రకటించింది. ట్రేడ్‌మార్క్ కంపెనీదే కాబట్టి చట్టం దాని వైపే ఉండొచ్చు. కానీ ఏళ్ల తరబడి ఖాళీ సమయం ధారపోసినవాళ్లతో అలా వ్యవహరించడం తప్పని నేను ఇప్పటికీ అనుకుంటాను. ఆ టీమే పేరు మార్చుకుని మానిటరింగ్ ప్లగిన్స్ అయింది. డెబియన్ వాళ్ల వెంట వెళ్లింది.

ఇలాంటిదే అబ్జర్వియం అనే ఇంకో నెట్‌వర్క్ మానిటరింగ్ సాఫ్ట్‌వేర్ దగ్గరా జరిగింది. అది జీపీఎల్ వదిలేశాక, చివరి జీపీఎల్ వెర్షన్ నుంచి 2013లో లిబ్రెఎన్‌ఎంఎస్ పుట్టింది.

తర్వాత వచ్చినవాళ్లు ఈ అనుభవాలు చూసే నేర్చుకున్నారో లేదో గానీ ప్రొమీథియస్ అనే మానిటరింగ్ సాఫ్ట్‌వేర్ దారి వేరు. 2012లో సౌండ్‌క్లౌడ్ కంపెనీలో, గూగుల్ నుంచి వచ్చిన ఇంజనీర్లు అక్కడి సొంత మానిటరింగ్ వ్యవస్థ బోర్గ్‌మాన్ స్ఫూర్తితో దాన్ని రాయడం మొదలుపెట్టారు. 2016లో అది ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల్ని చూసుకునే క్లౌడ్ నేటివ్ కంప్యూటింగ్ ఫౌండేషన్ అనే సంస్థలో, కుబెర్నెటిస్ తర్వాత రెండో ప్రాజెక్టుగా చేరింది. అక్కడ పేరు కూడా ఏ ఒక్క కంపెనీ చేతిలోనూ ఉండదు. గ్రాఫులు, డాష్‌బోర్డులు చూపించే గ్రఫానా అలా కాదు, దాని వెనక కంపెనీ ఉంది. 2021లో అపాచీ లైసెన్స్ నుంచి ఏజీపీఎల్‌కి మారింది, అంటే ఎవరైనా దాన్ని మార్చి నెట్‌వర్క్ మీద సర్వీసుగా ఇస్తే ఆ మార్పుల సోర్స్ కూడా ఇవ్వాలి. లాట్వియాలో పుట్టిన మానిటరింగ్ సాఫ్ట్‌వేర్ జాబిక్స్ కూడా 2024లో 7.0 వెర్షన్‌తో అదే లైసెన్స్‌కి వెళ్లింది. మార్చకుండా ఆఫీసులో వాడుకునే మనకి దీనివల్ల టెన్షన్ ఏమీ లేదు.

కాబట్టి షిఫ్టులో అడిగినవాళ్లకి నా జవాబు ఇది: పాత టీమ్ ఉన్నది మానిటరింగ్ ప్లగిన్స్‌లో, పాత పేరు ఉన్నది నాగియోస్ ప్లగిన్స్‌లో. నేను మొదటిది వాడతాను. ఐసింగాలోనూ ఆ 0, 1, 2, 3 అంకెలే నడుస్తాయి, కాబట్టి ఇరవై ఏళ్ల కిందటి చెక్ స్క్రిప్టు ఉన్నా పారేయక్కర్లేదు. కాన్ఫిగ్‌లో దారి కూడా మార్చే పని లేదు, డెబియన్‌లో మానిటరింగ్ ప్లగిన్స్ ఫైళ్లు ఈరోజుకీ చేరేది నాగియోస్ అని పేరున్న ఫోల్డర్‌లోకే.