చైనా గెలిచిందని రాసే ముందు

హనుమకొండ

బిడ్డా చిన్నూ, బిడ్డా స్వాతీ,

మీరు పంపిన గ్రాఫ్ చూశాను. ఇండోనేషియా, చైనాల చెక్క పలకల (ప్లైవుడ్ లాంటివి) ఎగుమతి విలువ, 1961 నుంచి. గీతలు శుభ్రంగా గీశారు. కింద ‘చైనా గెలిచింది’ అని రాశారు చూడండి, అక్కడే నా పేచీ.

ఆ గీతల్లో ఉన్నవి డాలర్లు. ఎన్ని పలకలు ఓడ ఎక్కాయో వాటిని చూస్తే తెలియదు. మన ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి రేటు లేచిన ఏడాది బస్తాలు తక్కువొచ్చినా రైతుకు డబ్బు ఎక్కువ రావచ్చు కదా, ఇదీ అంతే. 2021లో అమెరికాలో ఇళ్ల కట్టుబడి జోరందుకుని ఓఎస్‌బీ పలకల (చెక్క పేళ్లను జిగురుతో ఒత్తి చేసేవి) ధర రికార్డుకెక్కింది. కెనడా ఎగుమతి విలువ అమాంతం లేచింది. ఒక్క ఏడాదిలో మిల్లులు అంతగా పెరుగుతాయా? అందుకే పక్కన ఘనపు మీటర్ల గీత కూడా గీయండి. డాలరు కూడా ఒక్కతీరుగా ఉండదు: 1985లో 1 డాలరుకు వచ్చిన సరుకు అమెరికాలో 2020 నాటికి దాదాపు 2.4 డాలర్లు అయింది.

ఇక అసలు సంగతి, గీత ఎక్కడ వంగిందో అక్కడ ఏం జరిగిందన్నది. ఇండోనేషియా ఒకప్పుడు దుంగలే అమ్మేది. 1980ల మొదట్లో ఒక్కో మెట్టుగా ఆపుతూ 1985 నాటికి దుంగల ఎగుమతిని పూర్తిగా నిషేధించింది. దుంగ బయటికి పోకపోతే మిల్లు అక్కడే పెట్టాలి. అట్లా కొన్నేళ్లలోనే ప్రపంచంలో అందరికంటే ఎక్కువ ప్లైవుడ్ అమ్మే దేశమైంది. దీన్ని ఘనకార్యమని నేననను. మిల్లుల ఆకలికి అడవి సరిపోలేదు, దొంగనరుకుడు పెరిగింది. 1997-98 ఆసియా ఆర్థిక సంక్షోభంలో కొనేవాళ్లు తగ్గారు, ధర పడింది, గీత కూడా పడింది.

అదే 1998లో చైనాలో యాంగ్జీ నది వరదలొచ్చాయి. అడవులు నరకడమే కారణమనుకుని, సహజ అడవుల్లో నరకడంపై ప్రభుత్వం కట్టడి పెట్టింది. అప్పటిదాకా ఇండోనేషియా ప్లైవుడ్‌ను కొంటున్న దేశమది! కానీ మైదానాల్లో రైతులు పెంచిన పాప్లార్ చెట్లు చేతికొచ్చాయి, షాన్‌డాంగ్ రాష్ట్రంలోని లిన్యీ చుట్టూ మిల్లులు లేచాయి, 2001 డిసెంబర్‌లో చైనా ప్రపంచ వాణిజ్య సంస్థ (డబ్ల్యూటీఓ)లో చేరింది. కొన్నేళ్లకే కొనే దేశం అమ్మే దేశమై, ఇండోనేషియాను దాటిపోయింది.

మన షాపులో వడ్లాయన షీటు కోసినప్పుడు అంచు దగ్గర కళ్లు పెట్టి చూడండి. ఒక పొర నిలువు, దాని కింది పొర అడ్డం, మళ్లీ నిలువు. జిగురు పూసి వేడి ప్రెస్‌లో ఒత్తుతారు. పైన పలుచగా, ఎర్రగా ఉన్నది ఫేస్. లోపల తెల్లగా, మందంగా ఉన్నది కోర్. చైనా షీట్లలో కోర్ సాధారణంగా సొంత పాప్లార్. ఫేస్ మాత్రం చాలాసార్లు పపువా న్యూగినీ, సాలమన్ దీవుల దుంగల నుంచో, ఆఫ్రికా నుంచో వచ్చినది. షీటు అమ్ముడుపోయినప్పుడు మొత్తం ధర చైనా ఖాతాలోనే పడుతుంది. నరికిన అడవి ఎవరిదో మీ గ్రాఫ్‌లో ఎక్కడా లేదు.

మనకూ ఇదే తంటా. గర్జన్ అనే చెట్టు ఫేస్ కోసం మనవాళ్లు మయన్మార్ దుంగల మీద ఆధారపడేవాళ్లు. 2014 ఏప్రిల్ నుంచి అక్కడ దుంగల ఎగుమతి ఆగింది. ఆఫ్రికాలోని గాబన్ అయితే 2010లోనే ఆపేసింది. దాంతో మన కంపెనీలు కొన్ని బయటి దేశాలకే పోయి పొర తీసే మిల్లులు పెట్టుకున్నాయి. ఇండోనేషియా 1985లో వేసిన ఎత్తే మిగతావాళ్లూ వేస్తున్నారన్నమాట.

ఇప్పుడు మీ గ్రాఫ్ మీద 1985, 1998, 2001 దగ్గర పెన్సిల్‌తో నిలువు గీతలు గీసి, ఒక్కోదాని పక్కన రెండు ముక్కలు రాయండి. ‘గెలిచింది’ కొట్టేయండి. ఘనపు మీటర్ల లెక్క ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ పట్టికల్లోనే ఉంటుంది. దొరక్కపోతే టెన్షన్ పడకుండా నాకు ఫోన్ చేయండి.

మీ తాత