దార్ ఎస్ సలామ్ విశ్వవిద్యాలయం వయోజన విద్యను వదులుకున్న ఏడాది

టాంజానియాలో చదువుకునే వయసులో తల్లులైన ఆడపిల్లల గురించిన వాదన చల్లారినట్టే చల్లారి మళ్ళీ రాజుకుంటోంది. 2017 జూన్‌లో అధ్యక్షుడు జాన్ మగుఫులి, తాను పదవిలో ఉన్నంతకాలం గర్భం దాల్చిన విద్యార్థినిని తిరిగి బడిలోకి రానిచ్చేది లేదని బహిరంగ సభలో తేల్చి చెప్పారు. ఆయన చనిపోయిన ఎనిమిది నెలలకు, 2021 నవంబరు 24న, విద్యామంత్రి జాయ్స్ న్దలిచాకో ఆ నిషేధాన్ని ఎత్తేశారు. అంతకు కొన్ని నెలల ముందే ప్రభుత్వం మరో దారి చూపించింది. ఈ అమ్మాయిలు వయోజన విద్యా సంస్థ కేంద్రాల్లో చేరి, నాలుగేళ్ల సెకండరీ చదువును రెండేళ్లలో ముగించుకోవచ్చు. నిషేధం పోయింది, కేంద్రాలు ఉండిపోయాయి. అమ్మాయి పాత బడికే వెళ్లాలా, కేంద్రానికి వెళ్లాలా, అది తేల్చేది ఆ అమ్మాయా, తల్లిదండ్రులా, హెడ్మాస్టరా అన్నదే ఇప్పటి తగువు.

దీని మీద రాసేవాళ్లలో ఎక్కువమంది 2017 దగ్గర మొదలుపెడతారు. కొందరు 2002 నాటి నిబంధనల దాకా వెళతారు. నైతిక తప్పిదం పేరుతో విద్యార్థిని బడి నుంచి తీసేసే అధికారం ఇచ్చింది అవే కాబట్టి. నాకు మాత్రం అసలు ముడి ఇంకా వెనక ఉందనిపిస్తుంది. పదిహేనేళ్ల పిల్లను వయోజన విద్యకు పంపడం అక్కడి అధికారులకు అంత సహజంగా ఎలా తోచింది? ఆ సంస్థ ఒకప్పుడు దార్ ఎస్ సలామ్ విశ్వవిద్యాలయంలో భాగం. పల్లెల్లో పెద్దవాళ్లతో పనిచేసేది. అలాంటిది బడి తప్పినవాళ్లను పరీక్షకు తయారుచేసే చోటుగా ఎలా మారింది? స్వాతంత్ర్యం, తొలి అధ్యక్షుడు జూలియస్ న్యెరెరే, ఆయన పల్లె సామ్యవాదం 'ఉజమా' కథ చాలామందికి తెలిసిందే. అదంతా దాటి నేరుగా 1974కు వస్తాను.

ఆ ఏడాది నవంబరులో విక్టోరియా సరస్సు ఒడ్డున ఉన్న ముసోమాలో అధికార పార్టీ టాను జాతీయ కార్యవర్గం సమావేశమైంది. అక్కడి నిర్ణయాల్లో రెండు ఈ కథకు ముఖ్యం. 1989కి అనుకున్న సార్వత్రిక ప్రాథమిక విద్యను 1977కే సాధించాలన్నది ఒకటి. హైస్కూలు పై తరగతులు ముగించినవాళ్లు నేరుగా విశ్వవిద్యాలయంలో చేరడానికి వీల్లేదన్నది రెండోది. ముందు జాతీయ సేవ చేయాలి, తర్వాత ఎక్కడైనా ఉద్యోగం చేయాలి, ఆ పైన పనిచేసిన చోటు నుంచీ పార్టీ శాఖ నుంచీ సిఫారసు తెచ్చుకోవాలి. ఈ రెండో నిర్ణయంతో విశ్వవిద్యాలయం తరగతి గది పెద్దవాళ్లది కావాలన్నది నాయకుల ఉద్దేశం.

సరిగ్గా మరుసటి ఏడాది, 1975లో, పార్లమెంటు 12వ నంబరు చట్టం చేసి వయోజన విద్యా సంస్థను విశ్వవిద్యాలయం నుంచి విడదీసింది. విద్యాశాఖ కింద స్వతంత్ర సంస్థగా నిలబెట్టింది. ఈ రెండు పనులనూ పక్కపక్కన పెట్టి చూసినవాళ్లు తక్కువ. పెద్దవాళ్లను విశ్వవిద్యాలయంలోకి పిలిచిన ఏడాదిలోపే, పెద్దవాళ్ల దగ్గరికి తానే వెళ్లే విభాగాన్ని విశ్వవిద్యాలయం నుంచి తీసేశారు.

ముసోమా వెనక ఒక పాత గాయం ఉంది. 1966 అక్టోబరు 22న విశ్వవిద్యాలయ విద్యార్థులు తమ కాలేజీ గౌన్లు వేసుకుని, నిర్బంధ జాతీయ సేవ మాకు వద్దంటూ ఊరేగింపుగా వెళ్లారు. న్యెరెరే మండిపడి దాదాపు 400 మందిని ఇళ్లకు పంపించేశారు, తన జీతంలోనూ ఇరవై శాతం కోసుకున్నారు. చదువుకున్నవాళ్లు జనానికి దూరమవుతున్నారన్న బెంగ ఆయన్ను ఆ తర్వాత వదల్లేదు. ఆ బెంగ నిజమైనదే. దానికి మందు మాత్రం అప్పటికే విశ్వవిద్యాలయంలోనే తయారవుతోంది.

1960లో ఉగాండాలోని మకెరెరె కాలేజీ, కాలేజీ బయటివాళ్లకు చదువు చెప్పే తన ఎక్స్‌ట్రా మ్యూరల్ విభాగానికి దార్ ఎస్ సలామ్‌లో ఒక శాఖ తెరిచింది. మరుసటి ఏడాది అక్టోబరులో లుముంబా వీధిలోని టాను భవనంలో యూనివర్సిటీ కాలేజీ మొదలైంది, కొన్నాళ్లకు ఈ శాఖ దాని వయోజన విద్యా సంస్థ అయింది. 1964లో కాలేజీ ఊరి బయట కొండ మీదికి తరలిపోయింది. వయోజన విద్య ఊళ్లోనే ఉండిపోయింది, అక్కణ్నుంచి మెల్లగా పల్లెల్లోకి విస్తరించింది. పిల్లల చదువు దేశాభివృద్ధికి అక్కరకు రావడానికి ఏళ్లు పడుతుందనీ, పెద్దవాళ్లు మారితే ఫలితం ఇప్పుడే కనిపిస్తుందనీ 1964లోనే న్యెరెరే పార్లమెంటుకు చెప్పారు. 1970ని వయోజన విద్యా సంవత్సరంగా ప్రకటించారు. 1971లో బ్రెజిల్ విద్యావేత్త పాలో ఫ్రెయిరీ దార్ ఎస్ సలామ్ వచ్చారు. సంస్థలో పరిశోధన విభాగాన్ని బడ్ హాల్ నడుపుతున్నారు. జనాన్ని ప్రశ్నాపత్రాలతో కొలవడం మాని, వాళ్లతో కలిసి వాళ్ల సమస్యను పరిశోధించాలన్న ఆలోచన ఈ వాతావరణంలోనే రూపు కట్టింది. తర్వాత అది ప్రపంచమంతా పాకింది.

1973 నాటి 'మ్తు ని ఆఫ్యా' ప్రచారాన్ని చూస్తే ఆ సంస్థ ఏమిటో తెలుస్తుంది. మనిషే ఆరోగ్యం అని ఆ మాటకు అర్థం. పన్నెండు వారాలు సాగింది. వారానికోసారి రేడియో పాఠం వచ్చే వేళకు పాతిక మంది దాకా ఒక చోట చేరతారు. పాఠం అయ్యాక బృంద నాయకుడు చిన్న పుస్తకంలోంచి ఆ వారం భాగం చదివి వినిపిస్తాడు. ఒక వారం మలేరియా, ఒక వారం నులిపురుగులు, ఇంకో వారం విరేచనాలు. ఆ తర్వాత చర్చ. ఇది మన ఊళ్లో ఎంతమందికి ఉంది, ఎందుకు ఉంది, వచ్చే వారంలోపు మనం చేయగలిగింది ఏమిటి? చర్చ ముగిశాక ఇళ్ల చుట్టూ గడ్డి కోయడం, నిలవ నీటి గుంటలు పూడ్చడం, మరుగుదొడ్లకు గోతులు తవ్వడం. 75,000 మంది బృంద నాయకులకు శిక్షణ ఇచ్చారు, దాదాపు 20 లక్షల మంది పాల్గొన్నారు. ఒక విశ్వవిద్యాలయ విభాగం ఈ స్థాయిలో జనంలోకి వెళ్లిన సందర్భాలు ఏ ఖండంలోనైనా అరుదు. అందులో ఎవరికీ పరీక్ష లేదు, సర్టిఫికెట్టూ లేదు.

విడదీయడానికి ప్రభుత్వం వైపు నుంచి కారణం లేకపోలేదు. దేశమంతటా పని విస్తరించింది, జిల్లా జిల్లాకూ మనుషులు కావాలి, విశ్వవిద్యాలయ పాలకమండలి అనుమతుల కోసం ఆగలేం అన్నారు. అందులో నిజం ఉంది. కానీ ఆ లెక్కలో ఒక నష్టం కలపలేదు. విశ్వవిద్యాలయంలో ఉన్నంతకాలం పరిశోధన చేసేవాళ్లు, పాఠం తయారుచేసేవాళ్లు, పల్లెలో నిలబడేవాళ్లు ఒకే గూటిలో ఉన్నారు. 1975 తర్వాత ఆలోచన ఒకచోట, అమలు మరోచోట అయ్యాయి. 1976 జూన్‌లో వయోజన విద్య మీద అంతర్జాతీయ సదస్సు దార్ ఎస్ సలామ్‌లోనే జరిగింది, న్యెరెరేనే ప్రారంభించారు. టాంజానియా అనుభవం నుంచి నేర్చుకోవాలని దేశదేశాల నుంచి జనం వచ్చారు. అప్పటికే ఆ అనుభవానికి ఆధారమైన ఏర్పాటును విడగొట్టేశారు.

మరి పెద్దవాళ్లకు తలుపు తీసిన ముసోమా నిబంధన ఏమైంది? నేటి గొడవకు దగ్గరి చుట్టం ఇదే. ఆ నిబంధన వచ్చీ రాగానే విశ్వవిద్యాలయంలో అమ్మాయిల ప్రవేశాలు బాగా పడిపోయాయి. హైస్కూలుకూ డిగ్రీకీ మధ్య ఏళ్లు ఖాళీ వదిలితే మగపిల్లవాడికి ఉద్యోగ అనుభవం వస్తుంది, ఆడపిల్లకు పెళ్లి సంబంధం వస్తుంది, బిడ్డ పుడుతుంది, ఇక తిరిగి రావడం కుదరదు. ప్రభుత్వం కొద్దికాలానికే మహిళలకు నిబంధన సడలించాల్సి వచ్చింది. 1980ల్లో ఆ విధానమే పోయింది. చదువులో విరామం ఆడపిల్లకు ఎంత ఖరీదైనదో టాంజానియా ప్రభుత్వానికి అప్పుడే అనుభవంతో తెలిసింది. నలభై ఏళ్ల తర్వాత, గర్భం దాల్చిన అమ్మాయిని బడి నుంచి పంపించి, తర్వాత వేరే దారి చూపిస్తామన్నవాళ్లు ఆ అనుభవాన్ని తలుచుకున్నట్టు కనిపించదు.

విడిపోయిన సంస్థ గతి 1980ల సంక్షోభంతో మారింది. ఖజానా ఖాళీ అయింది, అప్పులిచ్చినవాళ్ల షరతులు వచ్చాయి, పల్లె ప్రచారాలకు డబ్బు లేదు. 1967లో దేశంలో మూడింట రెండొంతుల మందికి చదవడం రాదు. 1986 నాటికి అక్షరాస్యత 90 శాతం దాటిందని ప్రభుత్వం చెప్పింది. 2002 జనగణనలో అది 70 శాతం లోపే తేలింది. విశ్వవిద్యాలయ నిధుల నీడ పోయిన సంస్థ బతకడానికి ఫీజులు వచ్చే పని వెతుక్కుంది. సాయంత్రం తరగతులు, సెకండరీ పరీక్ష తప్పినవాళ్లకు కోచింగ్ దాని ముఖ్యమైన పని అయ్యాయి. దూరవిద్యలో డిగ్రీలిచ్చే పని 1992 చట్టంతో వచ్చిన ఓపెన్ యూనివర్సిటీకి వెళ్లింది. ఇలా మిగిలిన సంస్థ చేతికే 2021లో తల్లులైన అమ్మాయిలను అప్పగించారు.

ప్రపంచ బ్యాంకు 2020 మార్చి 31న సెకండరీ విద్యకు 50 కోట్ల డాలర్ల రుణం మంజూరు చేసినప్పుడే మహిళా సంఘాలు, హక్కుల సంఘాలు అభ్యంతరం చెప్పాయి. ఈ డబ్బుతో గర్భవతులకు వేరే వరస కడతారు, వాళ్లను బడికి దూరంగా ఉంచడాన్ని అది ఖాయం చేస్తుంది అన్నాయి. కేంద్రంలో చదివిన అమ్మాయికి తోటివాళ్ల స్నేహం, ఆటలు, ప్రయోగశాల ఉండవనీ, నాలుగేళ్ల పాఠం రెండేళ్లలో కుక్కితే పరీక్షలో ఆమే నష్టపోతుందనీ వాళ్ల వాదన. ఫీజు లేదు, వేళలు అనుకూలం, చంటిబిడ్డ ఉన్న అమ్మాయికి ఇదే సుఖం, రెండు దారులూ తెరిచే ఉన్నాయి అంటుంది ప్రభుత్వం. కొందరు అమ్మాయిలకు కేంద్రమే నయం కావచ్చు. ఆ ఎంపిక ఆమె చేసుకున్నప్పుడే ఆ మాట నిలుస్తుంది. హెడ్మాస్టరు ఇబ్బందిగా మొహం పెట్టి కేంద్రం చిరునామా చేతిలో పెడితే అది ఎంపిక కాదు.

2022 సెప్టెంబరులో బాలల హక్కుల ఆఫ్రికా నిపుణుల కమిటీ టాంజానియాకు వ్యతిరేకంగా తీర్పు ఇచ్చింది. విద్యార్థినులకు బలవంతపు గర్భ పరీక్షలు, బహిష్కరణలు ఆపాలనీ, చట్టాలను అందుకు తగ్గట్టు మార్చాలనీ, తీసేసినవాళ్లను తిరిగి చేర్చుకోవాలనీ చెప్పింది. 2021లో తలుపు తెరిచింది విద్యాశాఖ సర్క్యులర్ ఒక్కటే, పార్లమెంటు చట్టం కాదు. 2002 నిబంధనలను తిరగరాయాలని కోరుతున్న సంఘాలు ముందుగా వేలెత్తి చూపేది దాన్నే.