తుమ్మెదను తిట్టిన గోపిక

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

పత్రికలో "అన్యాపదేశంగా చురక అంటించారు" అన్న వాక్యం చదివి, అదేమిటని అడిగారు కదా. అపదేశం అంటే నెపం. ఒకరికి తగలవలసిన మాటను మరొకరి నెపంతో అనడమే అన్యాపదేశం. రాత్రి పది దాటినా కదలని చుట్టం ఎదుట ఇంటాయన మనవడితో, "పొద్దున్నే బడి ఉంది, ఇక పడుకోరా" అంటాడు. చుట్టం కండువా సర్దుకుని లేస్తాడు.

దీన్ని పరోక్షంతో కలపకండి. పరోక్షంలో మనిషి ఎదురుగా లేకపోయినా సరే. ఇక్కడ మాట అతని చెవిన పడి తీరాలి. పేరెత్తకుండా "కొందరు నాయకులు" అని తిట్టడమూ నా లెక్కలో అన్యాపదేశం కాదు. మాటను మోయడానికి మధ్యలో ఇంకొకరు ఏరీ?

భాగవతం దశమ స్కంధం చూడండి. మధురకు వెళ్లిన కృష్ణుడు తాను రాకుండా ఉద్ధవుణ్ణి వ్రేపల్లెకు పంపాడు. కబురు తెచ్చిన పెద్దమనిషి ముందు అతని ప్రభువును తిట్టడం ఎలా? ఇంతలో ఒక తుమ్మెద పాదాల దగ్గరకు వచ్చింది. "భ్రమరా! దుర్జనమిత్ర! ముట్టకుము మా పాదాబ్జముల్" అందుకుంది పోతన గారి గోపిక. దుర్జనుడెవరో సరే, అతని మిత్రుడు పక్కనే నిలబడి వింటున్నాడు! పట్నపు స్త్రీల కుంకుమ అంటిన పూలదండలోని తేనె తాగి మూతి ఎర్రబరుచుకుని వచ్చావు, మమ్మల్ని తాకకు అంటుంది. అందులో ప్రతి మాటా తుమ్మెదకూ అతుకుతుంది. అలా అతకకపోతే అది వట్టి దెప్పిపొడుపు.

కాళిదాసు శాకుంతలం అయిదో అంకంలోనూ తుమ్మెదే. కొత్త తేనె కోసం వెంపర్లాడుతూ, ఒకప్పుడు ముద్దాడిన మామిడి పూగుత్తిని ఎలా మరిచావని, అంతఃపురంలో దుష్యంతుడు ఒకప్పుడు వలచిన హంసపదిక పాడుతుంది. దుష్యంతుడు అది తనకేనని వెంటనే గ్రహిస్తాడు. రాణి వసుమతి వెంట తిరుగుతున్నందుకు తనను నేర్పుగా దెప్పిందని మెచ్చుకుని, విదూషకుణ్ణి ఆమె దగ్గరకు పంపుతాడు కూడా. పాడినామె మనసులో ఉన్నది తన బాధే. శాపం వల్ల రాజు శకుంతలనే మరిచాడని ఆమెకూ తెలియదు, ఆయనకూ తెలియదు. నాటకం చూస్తున్న మనకు మాత్రం తెలుసు. కాసేపటికి శకుంతల ఆ కొలువుకే వస్తుంది.

మీ
తాతయ్య